షరతుల శాఖలలో పునరుక్తి

పైథాన్ ప్రోగ్రాములు వ్రాయు విద్యార్థి సోదర సోదరీమణులలో ఒక అలవాటు ప్రబలుచున్నదని మా అభిప్రాయము. "ఇఫ్" క్రింద పది పంక్తులు వ్రాసి, వానినే "ఎలిఫ్" క్రిందను, మరల "ఎల్స్" క్రిందను నకలు చేయుచున్నారు. ప్రోగ్రాము నడచుచున్నది గదా, దోషమేమని వారి వాదము. ఆ దోషము నేడు కనబడదు. మార్పు చేయవలసి వచ్చిన నాడు కనబడును.

ఫీజు రసీదులు ముద్రించు ప్రోగ్రామునే తీసికొందము. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమములకు మూడు శాఖలు. ప్రతి శాఖలోను బోధన రుసుమును, పరీక్ష రుసుమును కూడుట, శీర్షికను, మొత్తమును ముద్రించుట. నిజమునకు మూడింటికిని భేదము శీర్షిక ఒక్కటే. మరుసటి యేడు గ్రంథాలయ రుసుము చేర్చవలసి రాగా, వ్రాసినవాడు రెండు శాఖలు సవరించి మూడవదానిని మరచెననుకొందము. పైథాన్ ఏ తప్పును చూపదు. ఒక మాధ్యమము వారి రసీదులలో మాత్రము పాత మొత్తమే పడుచుండును. లోటు పైకమునకై తరువాత కౌంటరు వద్దకు పిలువబడువారు వారే.

కూడుటయు, ముద్రించుటయు షరతు ముగిసిన పిదప ఒక్కసారి వ్రాసినచో శాఖలలో శీర్షిక నిర్ణయము మాత్రమే మిగులును. అదియు పేరునుబట్టి విలువ వెదకుటయే కనుక, మూడు శీర్షికలను ఒక డిక్షనరీలో ఉంచినచో శాఖలే అక్కరలేదు. కొందరు "గెట్" వాడి, పేరు దొరకనిచో ఇంగ్లీషు శీర్షిక ఇమ్మందురు. మాకది సమ్మతము కాదు. మాధ్యమము పేరు తప్పుగా టైపైనప్పుడు, చదరపు బ్రాకెట్లతో వెదకినచో "కీఎర్రర్" వచ్చి ప్రోగ్రాము ఆగును. తప్పుడు రసీదు కంటె అదియే మేలు. 2021లో వెలువడిన పైథాన్ 3.10లో "మ్యాచ్" వచ్చినది గాని, దాని శాఖలలోను ఇవే పంక్తులు నకలు చేసినచో ఒరిగినదేమి?

అయితే షరతుకు పైకి జరుపు పంక్తి, ఆ షరతు పరీక్షించు విలువనే మార్చునదైనచో ఫలితము తారుమారగును. మరియు, ఒకేరీతిగా కనబడిన ప్రతి పంక్తిని కలుపరాదు. హాస్టలు విద్యార్థులకును, ఇంటినుండి వచ్చువారికిని ఆలస్య రుసుము ఈ యేడు సమానము కావచ్చును. రెండును వేర్వేరు నియమములచే ఏర్పడినవైనచో వచ్చే యేడు విడిపోవచ్చును. వానిని విడిగా ఉంచుటయే యుక్తము.

కళాశాల కమిటీ వారికి మా మనవి యొకటి. రికార్డులలో పుటల సంఖ్య చూచి మార్కులు వేసినచో ఈ నకళ్ళు పెరుగునే గాని తరుగవు. ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి వ్రాసిన ప్రోగ్రామునే అతని చేతికిచ్చి, ఒక కొత్త రుసుము చేర్చమని అడుగుడు. ఎన్నిచోట్ల దిద్దవలసి వచ్చినదో లెక్కించి మార్కులు వేయుడు.