వీధి అరుగూ, వైఫై తాళమూ

ఇప్పుడు మన ఇళ్లకు చుట్టాలొస్తే మంచినీళ్ల కంటే ముందు అడిగేది వైఫై పాస్‌వర్డ్. పెద్దవాళ్లయితే కాస్త మొహమాటపడి కాఫీ అయ్యాక అడుగుతారు. పిల్లలు చెప్పులు విప్పుతూనే "అత్తా, పాస్‌వర్డ్ ఏంటి?" అంటారు. మనమూ చెప్పేస్తాం. లేదనడం మర్యాద కాదు కదా! నెట్ ఇవ్వడం తప్పని నేననను. ఇంటికొచ్చినవాళ్లకు ఇవ్వాల్సిందే. నా అభ్యంతరం వేరే. ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరుండాలో, బీరువా తాళం ఎక్కడ పెట్టాలో చూసుకునే మనం, ఈ తాళం సంగతి వచ్చేసరికి "అదంతా మా ఆయన చూసుకుంటారు" అంటాం, లేదా "నెట్ పెట్టడానికొచ్చిన అబ్బాయి ఏదో పెట్టి వెళ్లాడు" అంటాం. ఇది అలా వదిలేసే పని కాదనీ, ఇల్లు నడిపే మనిషి చేతిలో ఉండాల్సిన పనేననీ నా అభిప్రాయం.

మా అమ్మమ్మగారి ఊళ్లో పాత పెంకుటిళ్లకు వీధి వైపు అరుగులుండేవి. ఎండన పడి వచ్చినవాళ్లు అక్కడ కూర్చునేవారు. మంచినీళ్లూ మజ్జిగా అక్కడికే వచ్చేవి. అంతమాత్రాన అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్లూ వంటింట్లోకి, కొట్టుగదిలోకి నడిచొచ్చేవారు కాదు. ఆ రోజుల్లో ఎవరిని అరుగు మీదే ఆపాలన్న లెక్కలు చాలా ఉండేవి, అవి మంచివని నేననను. కానీ వచ్చినవాళ్లకు నీడ ఇస్తూనే ఇంటి లోపలిని ఇంటివాళ్లకే ఉంచుకోవచ్చన్న తెలివి మాత్రం ఆ కట్టడంలో ఉంది.

రౌటర్‌లో ఉండే గెస్ట్ నెట్‌వర్క్ అలాంటి అరుగే. కనెక్షన్ ఒకటే, బిల్లు ఒకటే, కానీ దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఉంటాయి. అందులో కలిసిన ఫోన్‌కి బయటి నెట్ వస్తుంది గానీ మన టీవీ, ప్రింటర్, గుమ్మం దగ్గరి కెమెరా, ఆఫీసు ల్యాప్‌టాప్ కనిపించవు. వచ్చినవాళ్ల ఫోన్‌లో ఏదైనా పాడు యాప్ ఉంటే అది మన వస్తువుల దాకా రావడం కష్టం.

దీనికి ఇంకో లాభం ఉంది. అసలు పాస్‌వర్డ్ మార్చాలంటే టీవీ, కెమెరా, మామయ్యగారి ట్యాబ్, పిల్లల ఫోన్లు అన్నింట్లో మళ్లీ కొట్టాలి. ఆ తలనొప్పికి జడిసే చాలా ఇళ్లలో కనెక్షన్ పెట్టినప్పటి పాస్‌వర్డే ఇంకా నడుస్తోంది. ఇంటికి రంగులేసినవాళ్లు, ట్యూషన్ చెప్పిన కుర్రాడు, పాత అద్దెవాళ్లు అందరి ఫోన్లలోనూ అది పదిలంగా ఉంటుంది. గెస్ట్ పాస్‌వర్డ్ అయితే పండక్కొచ్చినవాళ్లు బస్సెక్కాక రెండు నిమిషాల్లో మార్చేయొచ్చు. ఇంట్లో ఎవరికీ ఏదీ ఆగదు.

"మన నెట్ వాడుకుని ఎవరేం చేస్తారులే" అనేవాళ్లకు ఒక సంగతి గుర్తు చేస్తాను. 2008 జులైలో అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. ఆ దాడి గురించి వచ్చిన ఈమెయిల్ నవీ ముంబైలో ఒక అమెరికన్ ఉంటున్న ఇంటి కనెక్షన్ నుంచి వెళ్లినట్టు తేలింది. ఆ ఇంటి వైఫైని బయటివాళ్లు వాడుకున్నారు, కానీ దర్యాప్తు ముందుగా వెళ్లింది ఆ ఇంటికే. మనకు అంతటిది జరుగుతుందని కాదు. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే మొదటి ప్రశ్న వాళ్లకే వస్తుందని చెప్పడానికి ఇది చాలు.

చేయడం కష్టమేమీ కాదు. రౌటర్ తిరగేస్తే అడుగున ఒక చీటీ అతికించి ఉంటుంది. దాని మీద ఒక చిరునామా ఉంటుంది, మామూలుగా 192.168.1.1 లేదా 192.168.0.1. ఇంటి వైఫైలో ఉండగా ఫోన్ బ్రౌజర్‌లో అది కొడితే రౌటర్ లోపలి పేజీ వస్తుంది. దానికి పాస్‌వర్డ్ వేరు, వైఫైది కాదు. చాలా రౌటర్లలో కంపెనీ పెట్టిన 'అడ్మిన్' అన్న మాటే అలా ఉండిపోతుంది. ముందు మార్చాల్సింది దాన్నే. ఆ తర్వాత వైర్‌లెస్ సెట్టింగుల్లో గెస్ట్ నెట్‌వర్క్ ఉందేమో చూడండి. కొన్ని రౌటర్లలో రెండో పేరు పెట్టుకునే వీలు మాత్రమే ఉంటుంది, అది నిజంగా విడిగా ఉండకపోవచ్చు. చూసుకోవడానికి సులువైన దారి ఉంది. ఫోన్‌ని గెస్ట్ పేరులో కలిపి, ఇంటి టీవీకి వీడియో పంపబోయి చూడండి. టీవీ దొరికిందంటే ఆ అరుగుకీ ఇంటికీ మధ్య తలుపు తెరిచే ఉందని అర్థం.

ఇక పిల్లల సంగతి. పేరెంటల్ కంట్రోల్ అని ఒకే మాట వాడతాం గానీ అందులో మూడు వేర్వేరు పనులున్నాయి. కొన్ని సైట్లు రాకుండా ఆపడం, నెట్ వేళలు పెట్టడం, ఎవరేం చూశారో కనిపెట్టడం. మొదటి రెండింటి పక్షం నేను. మూడోదానికి మాత్రం కాదు.

సైట్లు ఆపడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏ సైట్ తెరవాలన్నా ఫోన్ ముందుగా దాని చిరునామా ఎవరినో అడగాలి, వీధి చివర కిరాణా కొట్లో ఫలానావారి ఇల్లెక్కడని అడిగినట్టు. ఆ చిరునామా చెప్పే సర్వర్ పేరు డీఎన్ఎస్. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 నుంచి కుటుంబాల కోసం ఒకటి ఉచితంగా నడుపుతోంది. రౌటర్ డీఎన్ఎస్ గడుల్లో 1.1.1.3, 1.0.0.3 అని ఇస్తే అశ్లీల సైట్ల చిరునామా అడిగినప్పుడు అది చెప్పదు. ఎనిమిదేళ్ల పిల్లాడు బొమ్మల కోసం వెతుకుతూ పొరపాటున ఎక్కడికో వెళ్లకుండా ఇది బాగానే కాపాడుతుంది. పట్టుబట్టి దారి వెతికే పదహారేళ్లవాడిని మాత్రం ఆపలేదు. వాడికి వీపీఎన్ తెలుసు, లేదంటే మొబైల్ డేటా ఉంది. ఇంటి వైఫైకి వేసిన ఏ తాళమైనా సిమ్ కార్డు దగ్గర ఆగిపోతుంది. ఈ మాట ముందే తెలిసి ఉంటే, తాళం వేశాం కదా అని ధీమాగా కూర్చోం.

వేళల విషయంలో రెండు చిట్కాలు. పిల్లల ఫోన్‌కి టైం పెట్టి గెస్ట్ నెట్‌వర్క్‌కి పెట్టకపోతే, మొదటి రాత్రే వాళ్లు గెస్ట్‌లోకి మారిపోతారు. కాబట్టి రెండింటికీ ఒకే వేళ పెట్టాలి. అలాగే ఈ రోజుల్లో ఫోన్లు తమ అసలు గుర్తింపు సంఖ్య బదులు వేరే సంఖ్య చూపిస్తాయి. దాన్ని మారిస్తే రౌటర్‌కి అదే ఫోన్ కొత్త ఫోన్‌లా కనిపిస్తుంది. ఇంటి వైఫై వరకు పిల్లల ఫోన్లలో అసలు సంఖ్యే వాడేలా మార్చి, తర్వాత టైం పెట్టండి.

మా ఇంట్లో రాత్రి పదిన్నరకు నెట్ ఆగుతుంది. ఇంటర్ చదివే అమ్మాయికీ, ఏడో తరగతి అబ్బాయికీ మాత్రమే కాదు, మా ఇద్దరి ఫోన్లకూ. మా వారి ఆఫీసు ల్యాప్‌టాప్ ఒక్కదానికి మినహాయింపు, అదీ పిల్లలకు చెప్పే పెట్టాం. నేను సీరియల్ చూసుకుంటూ వాళ్లని పడుకోమంటే ఆ మాటకు బరువుండదు. పరీక్షలప్పుడు వీడియో పాఠాలకు ఇంకో గంట కావాలంటే అడుగుతారు, ఇస్తాను.

ఇక మూడోది. మా తోటికోడలికీ నాకూ దీని మీద ఎప్పుడూ వాదనే. "ఆడపిల్ల ఫోన్‌లో ఏముందో తల్లికి తెలియకపోతే ఎలా అక్కా?" అంటుంది. ఆమె భయం నాకు అర్థమవుతుంది, ఆడపిల్ల తల్లిని నేనూను. కానీ ముందు ఒక నిజం తెలుసుకోవాలి. రౌటర్ చిట్టాలో కనిపించేది ఏ సైట్‌కి వెళ్లారన్నది మాత్రమే. లోపల ఎవరితో ఏం మాట్లాడారో కనిపించదు. అంటే ఆ చిట్టా మన అనుమానాన్ని పెంచుతుందే తప్ప తీర్చదు. ఇన్‌స్టాగ్రామ్ పేరు నలభైసార్లు కనిపించిందనుకోండి, దాన్నిబట్టి మనకు తెలిసిందేమిటి?

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. చాలా ఇళ్లలో ఈ నిఘా ఆడపిల్లల మీదే. అబ్బాయి అర్ధరాత్రి దాకా గేమ్ ఆడితే "మగపిల్లాడు, వింటాడా" అంటాం. అమ్మాయి తొమ్మిదికి ఫోన్ పట్టుకుంటే "ఎవరితో?" అంటాం. దీని ఫలితం ఏమిటంటే, రేపు నిజంగా ఎవడో ఫోటో మార్చి బెదిరించినప్పుడు ఆ పిల్ల మనకు చెప్పదు. చెబితే ముందు తన ఫోన్ లాక్కుంటారని, నెట్ ఆపేస్తారని దానికి తెలుసు. వేధించినవాడికి కావాల్సింది సరిగ్గా ఆ మౌనమే. అందుకే మా పిల్లలిద్దరికీ నేను ఒకే మాట చెప్పాను. ఏం జరిగినా నా దగ్గరికి రండి, దానికి శిక్షగా నెట్ తీయను. ఇలాంటివి ఫిర్యాదు చేయడానికి 1930 అనే సైబర్ సహాయ నంబరు, పిల్లలకు 1098 ఉన్నాయని కూడా చెప్పాను. తాళం మన పిల్లల్ని బయటివాళ్ల నుంచి కాపాడటానికే గానీ, మనకూ వాళ్లకూ మధ్య వేయడానికి కాదు.

ఈ తాళం ఆడవాళ్ల చేతిలో ఎందుకుండాలంటానో చెప్పే కారణం ఇంకొకటుంది. ఇప్పటి రౌటర్లను ఫోన్ యాప్‌తో ఎక్కడినుంచైనా ఆపొచ్చు. నాకు తెలిసిన ఒకావిడ ఇంట్లో పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. ఇంట్లో మాటా మాటా పెరిగిన రోజున ఆవిడ భర్త ఆఫీసులో కూర్చునే నెట్ ఆపేస్తాడు. క్లాసు మధ్యలో ఆగిపోతుంది, అడిగితే "రౌటర్ పాడైందేమో" అంటాడు. పూర్వం కిరాణా డబ్బుల దగ్గర జరిగినదే ఇప్పుడు ఇక్కడ జరుగుతోంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంటే అది ఆయుధమవుతుంది. ఇద్దరి దగ్గరా ఉంటే అది ఇంటి వస్తువు. నేను భర్తల చేతిలోంచి లాక్కోమనట్లేదు. మనకూ తెలిసి ఉండాలంటున్నాను, అంతే.

"మాకు ఈ టెక్నికల్ గొడవలు రావు" అనకండి. గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం, పిల్లల స్కూల్ యాప్, బ్యాంకు యాప్ అన్నీ ఫోన్‌లోనే నడుపుతున్నాం. ఇది వాటికంటే కష్టం కాదు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ ఉన్నప్పుడే, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. వాళ్లకు మనకంటే బాగా వచ్చు. వాళ్ల చేతే పెట్టించిన వేళలకు వాళ్లు ఎదురు తిరగడం కూడా తక్కువే. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి, అది అక్కడుందని ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియనివ్వండి. గెస్ట్ పాస్‌వర్డ్ మాత్రం ఫ్రిజ్ మీద అతికించుకోండి, వచ్చినవాళ్లు అడిగే పని కూడా ఉండదు. మీ ఇంట్లో నెట్ ఎన్నింటికి ఆగుతుందో, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో నాకూ చెప్పండి.