నోటీసు మీది తేదీ, అధికారి జేబులోని డబ్బు

నేరాన్ని విచారించవలసింది న్యాయస్థానం. శిక్ష విధించవలసిందీ న్యాయస్థానమే. ఎఫ్‌.ఐ.ఆర్‌.లో పేరు చేరిన కొద్ది రోజులకే నిందితుని ఇంటి ముందు బుల్డోజరు నిలిచిందంటే, ఆ రెండు అధికారాలనూ కార్యనిర్వాహక వర్గం చేజిక్కించుకున్నదనే అర్థం. 2022లో ఖర్‌గోన్‌లోనూ ప్రయాగ్‌రాజ్‌లోనూ దేశం చూసింది ఇదే. కూలిన ఇళ్లలో అనేకం ముస్లింలవి. అధికారుల సమాధానం మాత్రం ఎప్పుడూ ఒక్కటే: "అది అక్రమ కట్టడం, నోటీసు ఇచ్చాము."

ఆ నోటీసు ఎప్పుడు ఇచ్చారన్నదే అసలు ప్రశ్న. మాలో కొందరం దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసినవాళ్లం. డిస్పాచ్ రిజిస్టరులో వదిలిన ఒక్క ఖాళీ వరుస నిన్నటి కాగితాన్ని నెల కిందటి కాగితంగా మార్చగలదని మాకు తెలుసు.

2024 నవంబరు 13న జస్టిస్ గవాయి, జస్టిస్ విశ్వనాథన్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఈ కిటుకును సరిగ్గా పట్టుకున్నది. కూల్చివేతకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దానిని రిజిస్టర్డ్ పోస్టులో పంపి, కట్టడానికి కూడా అంటించాలి. వెనుకటి తేదీ వేశారన్న ఆరోపణకు తావు లేకుండా, కలెక్టరు కార్యాలయానికి ఈ-మెయిల్ ద్వారా తెలిపి, అందినట్టు జవాబు పొందాలి. యజమాని వాదన వినాలి. కూల్చడం తప్ప వేరే మార్గం ఎందుకు లేదో ఉత్తర్వులో రాయాలి. ఆ తర్వాత కూడా మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. ఈ ఆదేశాలను ఉల్లంఘించిన అధికారి కోర్టు ధిక్కారానికి గురికావడమే గాక, ఆ ఆస్తిని తన సొంత ఖర్చుతో పునరుద్ధరించాలి.

మా దృష్టిలో ఈ చివరి మాటే తీర్పుకు ప్రాణం. 2021 మార్చిలో ప్రయాగ్‌రాజ్‌లో రిజిస్టర్డ్ నోటీసు అందిన మర్నాడే ఇళ్లు కూల్చివేశారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ బాధితులకు ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయలు చెల్లించమని అక్కడి అభివృద్ధి ప్రాధికార సంస్థను ఆదేశించింది. సంతోషమే. కాని సంస్థ చెల్లించే సొమ్ము ప్రజలది. అధికారి చేసిన తప్పుకు ప్రజలు జరిమానా కట్టడం జవాబుదారీతనం కాదు. ఇకపై అది అతని జీతం నుంచి రావాలి.

ఈ రక్షణకు ఒక పరిమితి ఉన్నది. రోడ్లు, ఫుట్‌పాత్‌ల వంటి బహిరంగ స్థలాల్లోనూ, రైలుమార్గాలు, నదులు, నీటివనరులను ఆనుకొనీ ఉన్న అనధికార కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవు. హైదరాబాదులోని మనవారు దీనిని జాగ్రత్తగా గమనించాలి. చెరువులను కాపాడవలసిందే. అయితే ఏ స్థలం ఎఫ్‌టీఎల్ పరిధిలోకి వస్తుందో చట్టప్రకారం తేల్చిన తరువాతనే యంత్రం కదలాలి. 2024లో అమీన్‌పూర్‌లో ఆదివారం నాడు ఎందుకు కూల్చారని హైడ్రా కమిషనరును హైకోర్టు నిలదీసింది. సెలవు రోజున బాధితుడు తట్టవలసిన తలుపులన్నీ మూసి ఉంటాయి గనుక ఆ ప్రశ్న ఎంతో విలువైనది.

అధికారం ఒక అమానత్. అప్పగించినవారికి లెక్క అడిగే హక్కు ఉన్నది. ప్రతి మస్జిద్ కమిటీ తన బస్తీలోని ఇంటిపన్ను రసీదులను, రిజిస్టరు దస్తావేజులను, నిర్మాణ అనుమతులను ఇప్పుడే సరిచూసి నకళ్లు భద్రపరచాలి. నోటీసు వచ్చిన రోజునే కవరు మీది తపాలా ముద్రను ఫోటో తీసి ఉంచాలి. కలెక్టరు కార్యాలయానికి ఈ-మెయిల్ అందిన తేదీని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. రేపు కోర్టులో మన పక్షాన మాట్లాడేవి ఈ కాగితాలే.