ఏటి వరదలో తప్పిపోయిన పిలకాయ అనాథ కాదు!

సోమశిల, అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల అమ్మలకు, అయ్యలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు విజ్ఞప్తి!

2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను ఊడ్చుకుని, పెన్నలో కలిసి, మన సోమశిల జలాశయం మీదికి వచ్చిపడ్డాయి. అది పట్టేది 78 టీఎంసీలు. 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని కిందికి వదలక తప్పలేదు. డ్యాం కింద సోమేశ్వరాలయం దెబ్బతింది. సంగం దాటి నెల్లూరు, కోవూరు దాకా ఏటిగట్టు జనం పిల్లాజెల్లాతో ఇళ్లు వదిలి పరుగెత్తారు. పడుగుపాడు కాడ రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 1977లో దివిసీమను ఉప్పెన ముంచిందీ నవంబరు 19నే. మనకు కార్తీకమంటే దీపాల నెలే కాదు, తుపాన్ల నెల కూడా.

మునిగిన ఎకరాలకు లెక్క కట్టారు. పోయిన గొడ్లకు లెక్క కట్టారు. ఆ రాత్రుళ్లు బడి గదుల్లో, కల్యాణ మండపాల్లో పడుకున్న పిలకాయల్లో ఎవరు ఎవరితో వచ్చారో, ఎవరు ఒంటరిగా వచ్చారో రాసిన పుస్తకం మీ ఊళ్లో ఉందా? మీ పంచాయతీలో అడగండి. లేదంటే వచ్చే వరదకైనా ఉండాలని పట్టుబట్టండి. ఈ కరపత్రం వేసింది అందుకే.

ఈ గొడవ మాకెందుకు, మాది మెట్ట అని ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు వాళ్లు అనుకోవద్దు. అసలు కష్టం మీతోనే మొదలవుతుంది. వానల్లేక, బోర్లెండి, బేల్దారి పనులకు బెంగుళూరుకో హైదరాబాదుకో చెన్నైకో పోయిన అమ్మానాన్నల బిడ్డలు అవ్వాతాతల దగ్గర పెరుగుతున్నారు. కొందరిని ఏటిగట్టు ఊళ్లలో చుట్టాలింట ఉంచి చదివిస్తున్నారు. వరద రాత్రి ముసలమ్మను ఒక ట్రాక్టరెక్కించి, మనవణ్ణి ఇంకో ట్రాక్టరెక్కిస్తారు. ఒకరు చేరే శిబిరం ఆత్మకూరులో, ఇంకొకరిది అనంతసాగరంలో. అవ్వకు ఫోను లేదు. ఉన్నా చార్జింగు లేదు. బిడ్డకు నాన్న నంబరు నోటికి రాదు, అది నాన్న ఫోనులోనే ఉంటుంది. అమ్మా నాన్నా ఎక్కడో మేస్త్రీ షెడ్డులో కూర్చుని టీవీలో మన ఏరును చూస్తూ ఏడుస్తుంటారు. ఇటు శిబిరంలో ఎవరో ఒక మాట అనేస్తారు: "పాపం, ఎవరూ లేనట్టుంది."

ఆ ఒక్క మాటతో బతికున్న తల్లి చచ్చిపోయినట్టవుతుంది.

యానాది కుటుంబాల సంగతి మరీ ఘోరం. చెరువు కట్టల మీద, వాగుల పక్కన, ఏటి ఒడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్లు వాళ్లే. నీళ్లొస్తే ముందుగా మునిగేదీ వాళ్లే. చాలామంది పిలకాయలకు పుట్టిన సర్టిఫికెట్టు లేదు, ఆధార్ లేదు. కాగితం లేని బిడ్డ తప్పిపోతే ఫలానా వాళ్ల బిడ్డని చెప్పేదెవరు? తల్లి వచ్చి "నా బిడ్డ" అన్నా రుజువేదని అడుగుతారు. ఆ ప్రశ్న వరద రోజున పుట్టేది కాదు, ఏళ్ల తరబడి మనం వాళ్లను పట్టించుకోనందున పుట్టేది. కాబట్టి ఆ కాలనీలకు ఇప్పుడే పోదాం, ఎండలున్నప్పుడే కాగితాలు చేయిద్దాం.

దొరికిన బిడ్డను ప్రేమతోనే ఇంటికి తీసుకుపోతామనే తల్లులకు చేతులెత్తి మొక్కి చెబుతున్నాం: అన్నం పెట్టండి, పొడి బట్టలు కట్టండి, పక్కన కూర్చోండి. ఇంటికి మాత్రం తీసుకుపోవద్దు. 2004 సునామీలో శ్రీలంక తూర్పు తీరంలో ఒక పసివాడు దొరికాడు. ఆసుపత్రిలో ఆ రోజు చేరిన 81వ మనిషి కాబట్టి లోకమంతా వాణ్ణి "81వ నంబరు బిడ్డ" అని పిలిచింది. కన్నతల్లి ఒడికి వాడు చేరడానికి డీఎన్ఏ పరీక్ష దాకా పోవలసి వచ్చింది, 2005 ఫిబ్రవరి వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి దొరికాడు. ఎవరింటికో చేరి ఉంటే వాణ్ణి ఎక్కడని వెతికేవాళ్లు?

2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చింది. కొద్ది రోజులకే అమెరికా నుంచి వచ్చిన ఒక బృందం 33 మంది పిల్లలను బస్సెక్కించి సరిహద్దు దాటించబోయి పట్టుబడింది. అనాథలకు ఆశ్రయం ఇస్తామన్నారు. విచారిస్తే వాళ్లలో చాలామందికి కన్నవాళ్లు బతికే ఉన్నారు. అది హైతీలో కాబట్టి జరిగిందనుకోవద్దు. శిబిరానికి కారులో వచ్చి, బిస్కట్లు పంచి, "మా ఆశ్రమంలో చదివిస్తాం, సంతకం పెట్టండి" అనేవాళ్లు ఇక్కడికీ రావచ్చు. మేనమామనంటూ మోటారు సైకిల్ మీద వచ్చేవాడూ ఉంటాడు. వచ్చింది నిజంగా మేనమామే కావచ్చు. అయినా బిడ్డను అప్పగించే అధికారం మీకూ లేదు, మాకూ లేదు, సర్పంచికీ లేదు. బాలల సంక్షేమ కమిటీ విచారించి, ఉత్తర్వు రాసి అప్పగించాలి.

2015 నాటి బాల న్యాయ చట్టం దీన్ని సూటిగా చెప్పింది. ప్రకృతి విపత్తులో చిక్కిన బిడ్డ రక్షణ అవసరమైన బిడ్డ. తోడు లేని బిడ్డ కనిపిస్తే 24 గంటల్లోగా పోలీసులకో, చైల్డ్ లైనుకో, బాలల సంక్షేమ కమిటీకో, జిల్లా బాలల సంరక్షణ విభాగానికో చెప్పాలి. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం దారి తప్పి దత్తత ఇచ్చినవాళ్లకు 3 ఏళ్ల దాకా శిక్ష. బిడ్డను అమ్మినా కొన్నా 5 ఏళ్ల దాకా కఠిన కారాగారం.

ఫోను నంబర్లు రెండే: పిల్లల సాయానికి 1098, అత్యవసరానికి 112. రెండింటికీ డబ్బు పడదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. బిడ్డ కనబడక వెతుకుతున్నది మీరే అయితే స్టేషనుకు పొండి. "రెండు రోజులు చూడండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. తప్పిపోయిన బిడ్డ విషయంలో వెంటనే ఎఫ్ఐఆర్ రాయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది.

కుర్రాళ్లకు ఒక మాట. మీ మనసు మంచిది, మాకు తెలుసు. 2021 వరదలో ఏటిగట్టు ఊళ్లలో అన్నం పొట్లాలు మోసింది మీలాంటివాళ్లే. కానీ తప్పిపోయిన పిలకాయ ఫొటో, పేరు, ఊరు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. అది చూసేది కన్నవాళ్లు మాత్రమే కాదు. దొంగ మేనమామకు కావలసిన వివరాలన్నీ దాంట్లోనే ఉంటాయి. అలాంటి బిడ్డ ఆనవాళ్లు బయటపెట్టడం అదే బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం కూడా. ఫొటో పోలీసులకివ్వండి, వెతకడం వాళ్ల పని.

ఈ వానలకు ముందే మన చేతుల్లో ఉన్న పనులు చేసుకుందాం. మాటలొచ్చిన ప్రతి బిడ్డకూ అమ్మ పేరు, నాన్న పేరు, ఊరు, ఒక ఫోను నంబరు ఎక్కంలా నేర్పిద్దాం. మాటలు రాని పసివాళ్లకు డ్యాం గేట్లెత్తుతున్నారన్న దండోరా వినగానే ఆ వివరాలు చీటీ మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా లోపల కుట్టేద్దాం. ట్రాక్టరు నడిపే అన్నలారా, తల్లిని ఒక బండిలో, బిడ్డను ఇంకో బండిలో ఎక్కించకండి. జాగా చాలకపోతే సామాన్లు దించండి.

అంగన్‌వాడీ టీచరమ్మలకు, ఆశా అక్కలకు, సచివాలయ మహిళా పోలీసులకు మా మనవి: ప్రతి శిబిరంలోనూ పిల్లల పుస్తకం తెరిపించండి. తలుపు దగ్గరే పేరు రాయాలి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రాయాలి, ఎవరితో పోయారో సంతకం ఉండాలి. ఒంటరి ఆడపిల్లలకు, పసివాళ్లకు ఆడవాళ్ల కాపలాలో వేరే గది, రాత్రంతా దీపం, దగ్గర్లోనే మరుగుదొడ్డి కావాలి. ఒక శిబిరం పుస్తకంలో ఉన్న పేర్లు ఆ రాత్రే పక్క శిబిరాలకు ఫోనులో చదివి వినిపించాలి. అవ్వ ఆత్మకూరులో ఉందని, మనవడు అనంతసాగరంలో ఉన్నాడని తేలేది అప్పుడే.

వచ్చే గ్రామసభకు రండి. మన ఊరి శిబిరం ఏ బడి, దాని తాళం ఎవరి దగ్గర, పిల్లల పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది? ఈ మూడు ప్రశ్నలు మైకులో అడుగుదాం. జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించుకుని, చదివించుకుని గానీ లేవొద్దు.

ఇట్లు,
సోమశిల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంత తల్లిదండ్రులు

(చదివి పారేయకండి. పక్కింటివారికివ్వండి. చదువు రానివారికి చదివి వినిపించండి.)