నాన్న దిగి నడిచిన స్పీడ్ బ్రేకర్

కారుని 40 మిల్లీమీటర్లు కిందికి దించాక మొదటిసారి సంక్రాంతికి ఊరికి తెచ్చాను. సెకండ్ హ్యాండ్ పోలో జీటీ, కొత్త కాయిలోవర్లు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఫొటోలు తీసుకున్నారు. హైవే మీద కోదాడ దాకా రోడ్డుకి అతుక్కుని వచ్చింది.

మర్నాడు అమ్మ, నాన్న, చెల్లితో హుజూర్‌నగర్ నుంచి మట్టపల్లి నరసింహస్వామి గుడికి బయలుదేరాం. సిమెంటు లారీలు తిరిగే దారి. మొదటి స్పీడ్ బ్రేకర్‌కే అడుగున 'గర్ర్'మంది. రెండోది రాగానే నాన్న అన్నాడు: "ఆపు బిడ్డా, నేను దిగుత."

మోకాళ్ల నొప్పి మనిషి. దిగి, నడిచి, అవతల మళ్లీ ఎక్కాడు. మూడోదానికి అమ్మ కూడా దిగింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తప్పు ఎక్కడ జరిగింది? హైట్ సెట్ చేసినప్పుడు కార్లో నేనొక్కడినే. నలుగురు కూర్చుంటే స్ప్రింగులు ఇంకా దిగుతాయని లెక్కలోకి తీసుకోలేదు. పైగా నా కాయిలోవర్లలో స్ప్రింగు కింది రింగు తిప్పడమే ఉంది. అది దించితే కారుతోపాటు షాక్ అబ్జార్బర్ పైకి కదిలే చోటూ తగ్గిపోతుంది. చిన్న గుంతకే బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది. కింది బ్రాకెట్ విడిగా తిరిగే రకంలో అయితే షాక్ కదలిక తగ్గకుండానే ఎత్తు మార్చొచ్చు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన ఊళ్లలో వేసేవాళ్లకి ఆ లెక్కతో పనిలేదు.

ఎత్తు దగ్గర రేసు టీములే దెబ్బతింటాయి. 2025 లాస్ వేగాస్ గ్రాండ్ ప్రిలో మెక్‌లారెన్ డ్రైవర్లు నోరిస్, పియాస్ట్రి ఇద్దరూ డిస్‌క్వాలిఫై అయ్యారు. కారు అడుగున ఉండే ప్లాంక్ 9 మి.మీ. కంటే తక్కువ మందానికి అరిగిపోయింది మరి. మిగలాల్సింది కనీసం 9 మి.మీ.

మీరూ దించాలనుకుంటే ఒక మాట. కొలత నేల నుంచి కాదు, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా తీయండి. టైరు గాలి తేడా అందులోకి రాదు. ఇంట్లో వాళ్లని కూర్చోబెట్టి కూడా కొలవండి. ఒకేసారి 10 మి.మీ. మించి మార్చకండి. కాస్త నడిపి, స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ చూడండి. చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే టైర్లు ఒక పక్కే అరుగుతాయి. హెడ్‌లైట్లూ సరిచూడండి. పని మొదలెట్టే ముందే ఆర్టీఓ రూల్స్, ఇన్సూరెన్స్ షరతులు కనుక్కోండి.

నేను 25 మి.మీ. పైకి లేపాను. ఫొటోలో అంత బాగాలేదు. ఉగాదికి మళ్లీ అదే దారి. స్పీడ్ బ్రేకర్ కనిపించగానే నాన్న డోర్ మీద చెయ్యి వేశాడు.

"దిగాల్నా బిడ్డా?"

"కూసో నాన్నా."

నెమ్మదిగా దాటాం. చప్పుడు లేదు.