కోడికి నీళ్లు తాగడం నేర్పేదెవరు?

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెరటి కోళ్లు లేని ఊరంటూ ఉండదు. పెట్ట పెట్టే గుడ్లు, పండుగ ముందు అమ్ముడుపోయే పుంజు ఇంటి ఆడవారి చేతిఖర్చుకు ఆధారం. అయితే ఆ కోళ్లు ఏ నీళ్లు తాగుతున్నాయో చూసేవారు తక్కువ. పొద్దున్నే కుండపెంకులోనో, సొట్టలు పడిన సత్తుగిన్నెలోనో ఇన్ని నీళ్లు పోసి, ఇంటిల్లిపాదీ పత్తి ఏరడానికో నాట్లకో వెళ్లిపోతారు. కాసేపటికే కోళ్లు గిన్నెలోకెక్కి గీకి, రెట్టవేసి, చివరకు దాన్ని బోర్లించేస్తాయి. ఆపైన పొద్దుగూకేదాకా వాటికి మోరీ నీళ్లే గతి. పాలమూరు పల్లెల్లో కొడుకు, కోడలు వలసపోయి ముసలితల్లి ఒక్కతే కోళ్లను చూసుకునే ఇళ్లున్నాయి. ఆమె గంట గంటకూ వంగి గిన్నె కడగగలదా?

నల్లగొండలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుతూనే ఒంటి వేడి దించుకుంటుంది. ఆ రొప్పుతోనే ఒంట్లోని నీరు ఆవిరైపోతుంది. మామూలు రోజుల్లో పావు లీటరు దాకా తాగే పెట్ట అప్పుడు రెట్టింపు తాగుతుంది. ఒక్కరోజు నీళ్లు అందకపోతే గుడ్లు పెట్టడం కొన్నాళ్లు కుంటుపడుతుంది. ఇక కొక్కెర రోగం సంగతి చెప్పనే అక్కరలేదు. రోగపు కోడి మూతిపెట్టిన గిన్నెలోనే మిగతావీ తాగితే ఊరు ఊరే ఊడ్చుకుపోతుంది.

షాద్‌నగర్, చౌటుప్పల్ ప్రాంతాల కోళ్ల ఫారాల్లో చాలాకాలంగా నిపుల్ గొట్టాలు వాడుతున్నారు. గొట్టానికి కింద చిన్న స్టీలు పుల్ల ఉంటుంది. కోడి ముక్కుతో తోస్తే చుక్క పడుతుంది, వదిలేస్తే ఆగుతుంది. నీళ్లలో రెట్ట పడే వీలులేదు, ఒలికిపోయేదీ లేదు. నాలుగు కోళ్లున్న ఇంటికి మూతగల బకెట్టు అడుగున రెండు నిపుళ్లు బిగిస్తే చాలు.

అయితే పల్లెల్లో దీన్ని తెచ్చినవారు కొందరు వారం తిరక్కుండానే మూలన పడేస్తున్నారు. ఫారం కోడికి తెలిసినట్టు నాటుకోడికి తెలియదని వారి వాదన. ఈ వాదన సరికాదు. ఫారం కోడి కడుపులో నేర్చుకుని పుట్టలేదు. పిల్లగా ఉన్నప్పుడు వేరే నీళ్లు లేక, మెరిసే పుల్లను పొడిచి చూసి నేర్చింది. నాటుకోడికి తక్కువైంది తెలివి కాదు, దానికి దిక్కులు ఎక్కువ. పక్కింటి గోలెం కింద తడి ఉంది, బోరింగు దగ్గర గుంట ఉంది. అవి ఉండగా కొత్త పుల్లను ఎందుకు పొడుస్తుంది?

కనుక నేర్పేందుకు తగిన వేళ తెల్లవారుజామే. గూడు తీయకముందే బకెట్టును లోపల వేలాడదీయాలి. కాసిన్ని నూకలు చల్లి, పుల్లను వేలితో తట్టి చుక్క వేలాడేట్టు చేస్తే మెరుపుకు ఒక కోడి వచ్చి పొడుస్తుంది. ఒకటి నేర్చిందంటే మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. అర్ధగంటో గంటో చూసి బయటకు వదిలి, పాత గిన్నెలో నీళ్లు పోయాలి. ఇలా వారం పది రోజులు ఓపిక పట్టాలి. అన్ని కోళ్లూ తాగడం కళ్లారా చూశాకే గిన్నె తీసేయాలి. ఎండకాలంలో మాత్రం గిన్నె తీసేసి దప్పికతో దారికి తెద్దామనుకుంటే కోళ్లు చస్తాయి. ఈ పని చలికాలంలోనే మొదలుపెట్టాలి. పొదుగుమీదున్న పెట్ట ఆ 21 రోజులూ రోజుకు కాసేపే లేస్తుంది. దానికి చదువు చెప్పబోవద్దు, గిన్నె దగ్గరే పెట్టాలి.

ఎత్తు విషయంలోనే ఎక్కువమంది పొరబడుతున్నారు. పిల్లలకు పుల్ల కంటి ఎత్తున ఉండాలి. పెద్దకోడి మెడ కొంచెం పైకి చాచి తాగేట్టు ఉండాలి. బకెట్టు నీడన ఉండాలి, నీళ్లు కాగితే కోడి ముట్టదు. మిద్దెమీది ట్యాంకు నుంచి నేరుగా గొట్టం వేస్తే తోపు ఎక్కువై చిన్నపిల్ల పుల్లను కదపలేదు. మన బోరునీళ్ల ఉప్పు పుల్లకు తెల్లగా పట్టి బిగుసుకుపోతుంది, లేదా కారుతూనే ఉంటుంది. నలుసులు అడ్డుపడకుండా నీళ్లు గుడ్డలో వడపోసి పోయాలి, అయితే వడపోతతో ఉప్పు పోదు. పుల్ల ఆడుతున్నదా లేదా అని రోజూ వేలితో తట్టి చూడాలి. బకెట్టు నిండుగా ఉండి పుల్ల బిగుసుకుంటే కోడి పడే బాధ బయటికి కనబడదు. ఈ ఒక్క విషయంలో పాత కుండపెంకే నయం.

మరొక మాట. పత్తి చేల జిల్లాలు మనవి. ఖాళీ పురుగుమందు డబ్బాలు ప్రతి ఇంటా దొర్లుతుంటాయి. ఎన్నిసార్లు కడిగినా సరే, వాటికి నిపుల్ బిగించకూడదు. అలాగే నిపుల్ పెట్టాం కదా అని కొక్కెర టీకా మానకూడదు.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి రకాలను తయారుచేసింది. ఇలాంటి పిల్లలను పథకాల కింద పంచేముందు కొన్ని వారాలు ఒకచోట పెంచే పద్ధతి ఉంది. నిపుల్ నేర్పవలసింది అక్కడే. కోడి తాగేది గొట్టాన, తీసుకునే ఆమె పెట్టేది గిన్నెలో, లేదా అటుదిటు అయితే ఆ పిల్లలు మొదటి వారంలోనే ఆగమవుతాయి. పశుసంవర్ధక శాఖవారు పిల్లలతోపాటు రెండు నిపుళ్లు బిగించిన బకెట్టు ఒకటి ఇచ్చి, మహిళా సంఘం సమావేశంలో పుల్ల తట్టి చూపించి, వారం తర్వాత ఒక్కసారి ఇంటికొచ్చి చూసిపోవాలి. నిపుళ్ల ఖర్చు కోడిపిల్లల ఖర్చు ముందు లెక్కలోది కాదు.