టిక్కెట్టు పెరిగింది ఎవరి వల్ల?

వెంకటాచలంలో నెల్లూరు బస్సు కొరకు నిలబడితే ఒక మాట తప్పక వినబడుతుంది: "యూనియన్లు జీతాలు పెంచమంటాయి, ఆ భారమంతా మన టిక్కెట్టు మీద పడుతుంది." ఇందులో నిజమెంతో ఈ నెల చూద్దామనుకున్నాం.

తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 2019 అక్టోబరు 5న సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది వారి ముఖ్యమైన కోరిక. సమ్మె 52 రోజులు సాగింది. దీపావళి జీతం లేకుండానే గడిచింది. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. బస్సు తప్ప దారి లేని పల్లె జనం అవస్థ సరేసరి. చివరకు ఆ కోరిక తీరకుండానే కార్మికులు పనిలోకి వచ్చారు. డిసెంబరులో ఛార్జీ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. చూశారా, అంతా సమ్మె చలవే అన్నారు చాలామంది.

మరి మన రాష్ట్రం సంగతేమిటి? ఇక్కడ అప్పుడు సమ్మె లేదు. విలీనానికి ప్రభుత్వమే ఒప్పుకొని, 2020 జనవరి 1 నుంచి యాభై వేలకు పైబడిన ఉద్యోగులను తనలో కలుపుకుంది. అయినా ఆ 2019 డిసెంబరులోనే ఇక్కడా పల్లెవెలుగుకు కిలోమీటరుకు 10 పైసలు పెంచారు. డీజిలు ఖర్చు, పాత అప్పులు, ఏటేటా నష్టాలు రెండు చోట్లా ఉన్నవే గనుక నింద అంతా యూనియన్ మీద వేయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

అలాగని భారం మాయం కాలేదు. పదిహేను కిలోమీటర్లు పోయి వచ్చే కూలికి ఆ పది పైసలు రోజుకు మూడు రూపాయలు, ఇరవై అయిదు రోజులకు డెబ్బై అయిదు. కూలి పెంచమని అడిగే సంఘం అతనికి లేదు. విలీనమైన వారి జీతాలు ఇప్పుడు ఖజానా నుంచి వస్తాయి. అంటే బస్సెక్కని మనిషి కూడా సబ్బుబిళ్ళ మీద కట్టే పన్నుతో ఇస్తున్నాడు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీల టిక్కెట్టూ ఆ ఖాతాలోకే వెళ్ళింది.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది వేరొకటి. అదే రోడ్డు మీద, అదే బోర్డుతో అద్దె బస్సు నడిపే డ్రైవరు ఉన్నాడు. అతడు బస్సు యజమాని దగ్గర జీతగాడు గనుక విలీనం అతనికి వర్తించలేదు. గేటు లోపలివారికి సంఘం గట్టిగా మాట్లాడింది. మన జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1930లలో పొలం కూలీలను సంఘంగా కూర్చారు. వారికి ఏ గేటూ లేదు. ఈ అద్దె బస్సు డ్రైవరు తరపున కూర్చుని మాట్లాడవలసింది ఎవరు?