టైగరు నిర్దోషి

వేసవి సెలవులకు బొబ్బిలి వెళ్లి, 20 రోజుల తర్వాత దువ్వాడ స్టేషనులో దిగాం. టైగరును (పేరుకే టైగరు, పిల్లిని చూస్తే మంచం కింద దూరుతాడు) వెళ్లేముందే పక్కవీధి మిత్రుడింట్లో వదిలాం. తాళం తీసి లోపల అడుగు పెట్టామో లేదో, మా అబ్బాయి "నాన్నా, కాళ్లు కుడుతున్నాయి!" అంటూ గెంతడం మొదలెట్టాడు. చూద్దును గదా, నా పంచె అంచున ఆవాలు చల్లినట్టు పురుగులు! పట్టబోతే చటుక్కున ఎగిరిపోతున్నాయి.

"అంతా ఆ కుక్క చలవేరా. దాన్ని మళ్లీ గడప తొక్కనిస్తే నేను మీ తమ్ముడి దగ్గరికి పోతాను" అంది మా అమ్మ. మా ఆవిడ ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

పశువుల డాక్టరుగారు అంతా విని నవ్వారు. "మాస్టారూ, కుక్క ఇంట్లో లేదన్నారుగా? మరి పురుగెలా వచ్చింది?"

ముందు పేరు సంగతి. పిడుదులూ గోమార్లూ కుక్కను కరుచుకుని వేలాడేవి. ఇది గెంతేది, ఇంగ్లీషువాడి 'ఫ్లీ'. మా వీధిలో రెంటినీ పిడుదులే అంటారు. తెలుగు పాఠాలు చెప్పే నేనూ మొన్నటిదాకా అంతే.

ఆడపురుగు రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుందట. అవి బొచ్చుకు అంటుకోవు. కుక్క పడుకున్న చోటల్లా రాలతాయి. వాటిలోంచి వచ్చిన పిల్లపురుగు వెలుతురుకు జడిసి పట్టాల కిందా మూలల్లోనూ దాక్కుని, పెద్దవి విసర్జించిన ఎండునెత్తురు తిని, గూడు అల్లుకుంటుంది. ఆ గూట్లో నెలల తరబడి కూర్చోగలదు. అడుగుల అదురో, ఒంటి వేడో, ఊపిరో తగిలిందా, బయటికి దూకుతుంది. అంటే తాళం తీసి వాటిని నిద్రలేపింది మేమే! కుక్క మీద కనిపించేవి నూటికి 5 మాత్రమే. తక్కిన సంసారమంతా ఇంట్లోనే. పైగా మన సముద్రపు చెమ్మ వాటికి పుట్టిల్లు. సబ్బుతో టైగరు వీపు అరగదీసిన నా ఆదివారాలన్నీ దండగ.

మా అమ్మ ఈలోగా అటకమీద పాత గమాక్సిన్ డబ్బా వెతుకుతోంది. ఆ మందును మన దేశంలో 1997లోనే నిషేధించారు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, పొడి కడుపులోకి పోతుంది. పిల్లిని పెంచేవారు మరీ జాగ్రత్త: పెర్మెత్రిన్ కలిసిన కుక్కమందు పిల్లి ప్రాణం తీస్తుంది.

డాక్టరుగారు బరువు చూసి, నెలకోసారి మెడ వెనక వేసే చుక్కలమందు రాశారు. "మూడు నెలలు మానకండి. గూళ్లలోవి ఒక్కొక్కటే వస్తుంటాయి" అన్నారు. అనుమానమొస్తే, దువ్వెనకు వచ్చిన నల్ల నలుసులను తడి తెల్లగుడ్డ మీద వేయమన్నారు. ఎర్రబారితే అది నెత్తురే. పురుగును మింగితే కుక్క కడుపులో బద్దెపురుగు చేరుతుంది. పొరపాటున మింగిన పిల్లలకూ అంతే. ఆ మాట విన్నాక అబ్బాయి పక్కనుంచి టైగరు పక్క వసారాలోకి మారింది.

తక్కిందంతా చాకిరీ. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం, మంచాలు జరిపి రోజూ ఊడ్చి, చెత్త అప్పుడే బయట పారేయడం. మూడో వారానికి కాళ్లు కుట్టడం తగ్గింది.

నిన్న కాలేజీకి బయల్దేరుతుంటే మా అమ్మ వసారాలోంచి కేకేసింది.

"ఒరేయ్, వీడి గోనెపట్టా ఎండలో వేశావా?"